ఎవరి కోసం?

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ కంప్యూటర్ కోచింగ్ సెంటర్లో కోర్సులు తయారుచేసేది శ్రీకళ. ఎవరు మాట్లాడినా ముఖం కన్నా ముందు వేళ్లు చూడటం ఆమె అలవాటు. ఆమె పెట్టిన రెండు బ్యాచులు నిండలేదు. ఈ మూడోదీ నిండకపోతే ఉద్యోగం పోతుంది. కరపత్రం ప్రెస్సుకు వెళ్లే వేళైంది. 'ఎవరి కోసం' అన్న చోటు ఇంకా ఖాళీ.

"అందరి కోసమని రాయమ్మా. గింతసేపా?" అన్నాడు ఓనరు బాలమల్లు.

ఎల్బీనగర్ నుంచి వచ్చిన ఒకామె కూతురి కోసమంటూ వివరాలు అడుగుతోంది. ఆమె చూపుడువేలు బల్ల మీది కీబోర్డు అంచున చినుకులా ఆగి ఆగి జారుతోంది.

"పాపకా, మీకా అక్కా?" అంది శ్రీకళ.

వచ్చినామె ఎవరైనా వింటున్నారేమోనని మెట్లవైపు చూసింది. "జర మెల్లగ, మేడం. నాకే. పాప బడికి పోయినంకయితే ఒస్తా."

శ్రీకళ కరపత్రంలో 'సాయంత్రం ఆరు' కొట్టేసి, ఖాళీ చోట 'పిల్లల్ని బడికి పంపిన అమ్మలకు, ఉదయం పదికి' అని రాసింది.

"గిట్ల రాస్తే పదిమందన్న ఒస్తరా?" అన్నాడు బాలమల్లు.

"ఒక్కరైతే ఒచ్చిండ్రు సార్." శ్రీకళ కాగితం ప్రెస్సుకు పంపమని ఆయన చేతికిచ్చింది.