ఎడమ తలుపు

మా చిన్నాయన పోయాడని గొల్లపల్లి నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను నమ్మలేదు. ఏ మాటయినా రెండో మనిషి చెప్పేదాకా నమ్మొద్దని నేర్పింది ఆయనే. ఇంకొకరికి ఫోన్ చేసి అడిగాను. ఆ తర్వాతే ఏడ్చాను.

పాలవాడి నుంచి పెళ్లిచూపులకు వచ్చినవాళ్ల దాకా ఆయన అందరినీ అనుమానించేవాడు. హోటల్లో చాయ్ గ్లాసును వెలుతురుకు ఎత్తి చూస్తేగానీ తాగేవాడు కాదు. సౌదీలో ఏళ్ల తరబడి ట్రైలర్ తోలి వచ్చిన మనిషి. "ఏజెంటు చెప్పిన కొలువొకటి, ఆడికి పోయినంక ఇచ్చిందొకటి. గప్పట్నుంచి ఎవ్వర్ని నమ్మబుద్ధి కాదు బిడ్డా" అనేవాడు.

జగిత్యాల పక్కన ఇంకా రాకపోకలు మొదలుకాని కొత్త రోడ్డు మీద ఆదివారాలు కుర్రాళ్ల కార్ల పందేలు జరిగేవి. రెండు కార్లు పక్కపక్కన నిలబెట్టి, మలుపు లేని దారిలో నేరుగా తోలడమే. తువ్వాల దించి పందెం మొదలుపెట్టేది చిన్నాయనే. డ్రైవర్ కొలువు చేసేవాళ్లను పందెంలోకి రానిచ్చేవాడు కాదు, తానూ తోలేవాడు కాదు.

"తోలుడే బతుకైనోడు సరదాకు తోలెటోని మీద గెలిస్తే అదేం గెలుపు? పెండ్లిండ్లల్ల వండెటోడు కొత్త కోడలితోని వంట పందెం కట్టినట్టుంటది."

ఓ ఆదివారం కోరుట్ల నుంచి ఒకతను బావమరిది కారుతో వచ్చాడు. వ్యవసాయం చేస్తానన్నాడు. "ఎవుసం చేసెటోని చేతులు గట్లుంటయా?" అని చిన్నాయన నా చెవిలో గొణిగాడు. పందేనికి పిలవగానే ఆ మనిషి గబగబా పోయి ఎడమ తలుపు తీశాడు. స్టీరింగ్ అటువైపు ఉండేది గల్ఫ్ బండ్లకే. చిన్నాయన తువ్వాల భుజాన వేసుకుని అతని దగ్గరికి నడిచాడు.

"ఏ దేశంల తోలినవ్ తమ్మీ?"

అతను తల వంచుకున్నాడు. "కువైట్ల అన్నా. కంపెనీ మూతవడ్డది. సిరిసిల్ల బట్టల లారీల సేటు పందెం చూడ వస్తడని ఇన్న. గెలిస్తే కొలువిస్తడేమోనని అచ్చిన. ఎల్లగొట్టకు."

వెళ్లగొట్టలేదు. కుర్రాళ్లతో తోలనివ్వనూ లేదు. "డ్రైవర్‌తోని డ్రైవరే తోలాలె" అంటూ, ఒకరి దగ్గర అలాంటి కారే అడిగి తీసుకుని, మొదటిసారి తానే ఎక్కాడు. వెంట్రుకవాసిలో కోరుట్ల మనిషి గెలిచాడు. సేటు అక్కడే అతన్ని పిలిచి కొలువిచ్చాడు.

చివర్లో చిన్నాయన కావాలనే వేగం తగ్గించాడని నా అనుమానం. అడిగితే "ఇంజన్ల దమ్ము లేదు బిడ్డా" అన్నాడు, నా మొహం చూడకుండా. ఆయన పెంచిన పిల్లను, ఎట్లా నమ్మను?

చివరి చూపుకు ఆ మనిషి సిరిసిల్ల నుంచి వచ్చాడు. ఆగలేక అడిగాను. "ఆ రోజు నిజంగనే గెలిచినవా అన్నా?"

"గా అనుమానం నన్ను గూడ ఇడుస్తలేదు చెల్లే. అడుగుదామంటే మొహం చెల్లకపోయేది."

పాడె లేపుదామంటే వాకిట్లో చిన్నాయన జీపు అడ్డంగా ఉంది. తీస్తానని అతను కళ్లు తుడుచుకుంటూ లేచాడు. ఇన్నేళ్లు ఇక్కడి లారీలు తోలినా, జీపు స్టీరింగ్ కుడివైపే ఉన్నా, నేరుగా ఎడమ తలుపు దగ్గరికే పోయి పిడి పట్టుకున్నాడు. అక్కడ రంగు చిన్నాయన చేతికి ఎప్పుడో అరిగిపోయి ఉంది.