నోరు తెరవని ప్రోటీన్

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను బెంగళూరులో పరిశోధక విద్యార్థినిని. ఒక ప్రోటీన్ నీళ్ళలో ఎలా కదులుతుందో కంప్యూటర్‌తో లెక్క కట్టించడం, అంటే సిమ్యులేషన్, నా పని. అందులో వేల పరమాణువులు. ఒక్కోటీ ఊరికే వణుకుతూ ఉంటుంది. ఆ వణుకులోంచి, ప్రోటీన్ మొత్తం కలిసి చేసే పెద్ద కదలికలను వేరుచేసి తీయాలి. వాటినే ప్రధాన కదలికలంటాం.

నా ప్రోటీన్‌లో మొదటి కదలిక నోరు తెరిచి మూసినట్టు కనిపించింది. మందు వెళ్ళి అతుక్కునే గుంట సరిగ్గా ఆ నోట్లోనే ఉంది. మా గైడ్ సార్ సంబరపడి రెండు సభల్లో చూపించారు. మా వ్యాసాన్ని ఒక పత్రిక అచ్చుకు తీసుకుంది. నా థీసిస్‌కు అదే ఆయువుపట్టు.

అచ్చు కోసం ఒక బొమ్మ మళ్ళీ గీస్తూ, ఎవరూ అడగని పని ఒకటి చేశాను. సిమ్యులేషన్ నడిచిన కాలాన్ని మధ్యకు రెండు ముక్కలు చేసి, ప్రధాన కదలికలను విడివిడిగా తీసి పక్కపక్కన పెట్టాను. అది ప్రోటీన్ స్వభావమే అయితే రెండింట్లోనూ ఒకేలా రావాలి. మొదటి సగంలో నోరు తెరుచుకుంది. రెండో సగంలో ఆ ఊసే లేదు. తడిగుడ్డ పిండినట్టు మెలితిరిగింది. నాలుగు ముక్కలు చేసి చూశాను. ముక్కకో కదలిక. నోరు ఒక్కసారి తెరుచుకుంది, అంతే. దాన్ని మేం అలవాటనుకున్నాం.

ఏడుపు రాలేదు. డబ్బాలో అన్నం నాలుగు ముద్దలు తిని మూత పెట్టేశాను.

కంప్యూటర్ గది చూసుకునే పెద్దాయనది బెంగళూరు శివారు కె.ఆర్.పురం. తాతల నాటి నుంచీ అక్కడే. తలుపు దగ్గర ఆగి అడిగాడు.

"ఏమ్మా, పొద్దున్నుంచీ ఆడనే కూసోని ఉండావు. మిషన్ ఏమన్నా కెట్టోయిందా?"

"మిషన్ బాగానే ఉంది. నేను చెప్పిందే తప్పు."

"అయితే సార్‌తో చెప్పేయమ్మా. ఆయన లోపలే ఉండాడు."

రెండు సగాల బొమ్మలూ కాగితాల మీద తీసి, పట్టుకెళ్ళి చెప్పాను. సార్ కాగితాలు రెండూ చాలాసేపు చూశారు.

"సిమ్యులేషన్ చిన్నది కాబట్టి ఇలా వచ్చింది. చివర్లో ఒక వాక్యం రాద్దాం."

"ఒక వాక్యం చాలదు సార్. వ్యాసం పేరులోనే నోరు తెరుస్తుందని రాశాం."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. కిటికీ అవతల ఎవరో స్కూటర్ స్టార్ట్ చేయడానికి తంటాలు పడుతున్నారు. అది స్టార్టయ్యాక ఆయన కాగితాలు రెండూ నా వైపు జరిపారు.

"పత్రికకు ఉత్తరం నువ్వే రాయి. సంతకం పెడతాను."

చదవకుండానే సంతకం చేశారు. వ్యాసం వెనక్కి తీసుకున్నాం. ఆ తర్వాత ఆయన నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. కోపం కాదనుకుంటాను. నాకు బాధ కలగాల్సింది, కలగలేదు. రోజూ అదే బస్సెక్కాను, అదే సీటు దొరికితే కూర్చున్నాను.

ఇంకో రెండేళ్ళు ఎంతో పొడవైన సిమ్యులేషన్లు నడిపాను. మెలి ప్రతి ముక్కలోనూ కనిపించింది. నోరు మళ్ళీ తెరుచుకోలేదు. ముక్కలను పోల్చి చూడడమే థీసిస్ అయింది. డిగ్రీ వచ్చింది.

బొమ్మనహళ్ళి దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇంటర్వ్యూలో థీసిస్ గురించి చెప్పమన్నారు. వ్యాసం సంగతితో సహా రెండు నిమిషాల్లో చెప్పేశాను.

"వెనక్కి తీసుకున్నప్పుడు కష్టమనిపించలేదా?" అన్నాడు ఇంటర్వ్యూ చేస్తున్నాయన.

కాసేపు ఆలోచించి, లేదన్నాను. నిజమే చెప్పాను. సోమవారం నుంచి రమ్మన్నారు.