మూత మీద నా పేరు

నిన్న జగదల్‌పూర్ బజారులో వరసగా పేర్చిన రేకు పెట్టెల దగ్గర కొత్త పెయింటు వాసనకి నా కాళ్లు ఆగిపోయాయి. కోంటా బడిలో నాతో చదివినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఆ హాస్టల్ స్కాలర్‌షిప్‌కి మనం పెట్టుకునే దరఖాస్తు ఉండేది కాదు. బడికి ఒక్క పేరు, అదీ గురూజీ రాసి పంపాల్సిందే.

గురూజీ రోజూ మా కిరాణా కొట్టు అరుగు మీదే టీ తాగేవారు. ఆ ధీమాతో నాన్న ముందే హాస్టల్‌కని పచ్చ రేకు పెట్టె కొని, మూత మీద తెల్లరంగుతో నా పేరు రాయించేశాడు. గురూజీ మాత్రం నా పక్కన కూర్చునే దొర్ల తెగ పిల్ల ముత్తి పేరు పంపారు. నాకు ఏడుపొచ్చింది గానీ, లెక్కల్లో ముత్తే మెరుగని నాకూ తెలుసు.

నాన్న రెండు రోజులు ఆ పెట్టె మీద గోనెసంచి కప్పి ఉంచాడు. మూడో రోజు పెట్టె భుజాన పెట్టుకుని ముత్తి వాళ్లింటికి నడిచాడు, వెనకాల నేను.

"ఆ పేరు మీద రంగు పూయిస్త బిడ్డా," అన్నాడు.

ముత్తి మూత తడిమి చూసింది. "ఎందుకు మామా, ఉండనీ. ఇద్దరం పోయినట్టుంటది."

ఇప్పుడు తను బచేలిలో నర్సు. పోయిన ఏడు వాళ్ల క్వార్టర్‌కి వెళ్తే మంచం కింద అదే పెట్టె కనిపించింది. మొత్తం కొత్త రంగు వేయించింది, నా పేరున్న చోటు తప్ప.