రాళ్లు రాలే మలుపు

ఏప్రిల్‌లో జమ్మూ నుంచి శ్రీనగర్ వెళ్లే హైవే మీద ట్రాఫిక్ పోస్టుకు చేరాను. మిలిటరీ పోలీసులో జవానును. మాది పుంగనూరు దగ్గర పల్లె, గొర్రెలు మేపే ఇల్లు.

పోస్టు అంటే రేకుల కప్పు, ఇసుక బస్తాలు, రోడ్డుకు అడ్డంగా ఇనుప గేటు. ఎడమన కొండ, కుడిన లోయ. గేటు దాటితే రాళ్లు రాలే మలుపు. సైన్యం బళ్లు వస్తే లారీలను ఆపాలి. రాళ్లు పడితే అందరినీ ఆపాలి. నా చేతికి ఈల, జెండాలు, మెగాఫోన్ ఇచ్చారు. రైఫిల్ కూడా ఉండేది. ఆ మలుపులో దానితో పనిలేదు.

పోస్టులో రేడియో చూసే అన్నది మా వైపే, రామకుప్పం.

"మా ఊర్లో ఏనుగొస్తే టపాకాయ పేల్చి తోల్తాము. ఈడ కొండే మీదికొస్తే ఏం పేల్చేదమ్మే?" అనేవాడు. నవ్వేదాన్ని.

మే నెలలో వాన పట్టింది. తెరిపిచ్చిన ఉదయం, కొండల్లోకి మంద తోలుకుపోయే ఒక కుటుంబం గేటు దాటింది. ముందు గుర్రం మీద సామాను. పక్కన భర్త, చంకలో బిడ్డ. వాళ్ల వెనక మంద. అన్నిటికంటే వెనక భార్య. నా వయసే ఉంటుంది. టోపీ కింద నా జడముడి చూసి నవ్వి పోయింది.

భర్త మలుపు దాటాడు. మంద మధ్యలో ఆగింది. ఇరుకు దారిలో ఒక గొర్రె ఈనుతోంది. ఆమె దాని పక్కన కూర్చుంది. అప్పుడే పైనుంచి చిన్న రాళ్లు రాలడం మొదలైంది.

రేడియోలో ఆర్డర్ వచ్చింది. "గేటు మూయండి. లోపలికి ఎవరూ పోవద్దు."

ఈల ఊదాను. ఆమె తలెత్తి, ఒక్క నిమిషం అన్నట్టు చెయ్యి చూపింది. మంద కదిలితే ఆమె కదులుతుందని మెగాఫోన్‌లో మా నాన్న పిలిచినట్టే నాలుక ఆడించి పిలిచాను. ఒక్క గొర్రె కూడా చెవి తిప్పలేదు.

"వాటికి మన పిలుపు తెల్దమ్మే," అన్నాడు అన్న.

గేటు ఎక్కబోయాను. మా పోస్టు హవల్దార్ నా బెల్టు పట్టుకున్నాడు. "నువ్వు పోతే నీకోసం ఇంకొకరు పోవాలి." ఆయన మాట నిజమే. అందుకే ఈ రోజుకీ ఎవరి మీదా కోపం తెచ్చుకోలేను.

కొండ జారింది. దుమ్ము తేలిపోయేసరికి మంద చాలావరకు నిలబడే ఉంది. ఆమె కూర్చున్న చోట మట్టి.

అవతలి నుంచి భర్త పిలవడం మొదలుపెట్టాడు. సన్నగా, పొడుగ్గా ఒక కూత. మందను పిలిచే కూత. మా పల్లెల్లో మగవాళ్లు పెండ్లాన్ని పేరుపెట్టి పిలవరు. ఆయనా ఎప్పుడూ పిలవలేదేమో. ఆయన దగ్గర ఆ ఒక్క కూతే ఉంది. గొర్రెలు తలలెత్తి ఒకటొకటిగా ఆయన దగ్గరికి పోయాయి. వచ్చినదాన్నల్లా మోకాలితో పక్కకు నెట్టి, వాటి వెనక ఖాళీ దారిని చూస్తూ మళ్లీ పిలిచాడు.

ఆమెను మర్నాడు తీశారు.

నాలుగేళ్ల సర్వీసు ముగిసి వచ్చేశాను. పెళ్లయింది, కాపురం మా పల్లెలోనే. పాప ఈమధ్యే నడక నేర్చింది. సాయంత్రం నాన్న మందను పిలిస్తే చాలు, పొయ్యి మీది పాలు కూడా వదిలేసి బయటికి పరిగెత్తుతాను.

"యాలమ్మా ఇట్ల ఉరికొస్తాండావు? పాప ఈడే ఉండాది సూడు," అంటాడు నాన్న.

పాపను ఎత్తుకుంటాను. గొర్రెలు నా కాళ్లను రాసుకుంటూ దొడ్డిలోకి పోతాయి. చివరిది పోయాక నాన్న తడిక మూయబోతాడు.

"ఉండప్పా," అంటాను.

"అన్నీ వచ్చినాయి గదమ్మా. ఇంగెవురు రావల్ల?"