ముఖస్తుతి, మెచ్చుకోలు

దర్జీ దుకాణంలో అందరూ ఆవిడను కాజాలక్క అనేవారు. దుకాణం సొంత తమ్ముడిది. బట్టలు కత్తిరించడం అతని పని; గుండీలు దూరే కాజాలను చేత్తో కుట్టడం ఆవిడ పని. కిటికీ పక్కనున్న ముక్కాలిపీట ఆవిడ చోటు. భర్త పోయాక ఆ పీటా, దాని మీద పడే వెలుతురూ తప్ప తనవనిపించేవి మరేవీ మిగల్లేదు.

పొగడ్తల విషయంలో ఆవిడకొక పరీక్ష ఉండేది. మెచ్చుకునేవారి చూపు పని మీద ఉంటుంది. ముఖస్తుతి చేసేవారి చూపు, పేరులోనే ఉన్నట్టు, ముఖం మీద ఉంటుంది. బేరానికి ముందు "మీ చేతిలో ఏదో ఉందమ్మా" అనేవారిని అలాగే కనిపెట్టి, "మునగచెట్టు ఎక్కించకండి, నాకు దిగడం రాదు" అనేది.

ఒక మధ్యాహ్నం తమ్ముడు ఆవిడ కుట్టిన కోటు కాజాను వెలుతురుకు పెట్టి, అంచు వెంట ముడి తరువాత ముడి భూతద్దంతో చూశాడు.

"నీ చెయ్యి మిషనక్కా. ఒక్క ముడి వదులు లేదు, ఒక్కటి బిగువు లేదు."

"కాకా పడుతున్నావా?"

"నిన్ను కాకా పడితే నాకేమొస్తుంది? తెల్లగుడ్డ మీద రకానికొకటి కుట్టివ్వు. అద్దం కట్టించి గోడకు పెడతా."

అతను తల ఎత్తనేలేదు. చూపంతా కాజా మీదే. పరీక్షలో నెగ్గాడు. ఆవిడ లోలోపల పొంగిపోయి, చొక్కాకు, కోటుకు, పసిపిల్లల గౌనుకు తగినవి వేరువేరుగా, మునుపెన్నడూ లేనంత శ్రద్ధతో కుట్టి ఇచ్చింది.

ఆ గుడ్డ గోడ ఎక్కలేదు. కొన్నాళ్ళకు ఆవిడ వచ్చేసరికి ముక్కాలిపీట మెట్ల కింద ఉంది. కిటికీ దగ్గర కొత్త కాజా మిషను. మెకానిక్కు ఆవిడ గుడ్డను పక్కన పరుచుకుని, మరలు తిప్పుతూ, కుట్టు వెడల్పును దానికి సరిపోయేలా సవరిస్తున్నాడు.

"మాదిరి భలే ఉందండీ. ఏ మిషను మీద కుట్టారు?"

తమ్ముడు మిషను కుట్టిన కాజాను తెచ్చి అక్క చేతిలో పెట్టాడు.

"ఇకనుంచి నువ్వు గుండీలు కుడుదువుగాని అక్కా, కళ్ళకు శ్రమ తగ్గుతుంది. చూడు, అచ్చం నీ చెయ్యే. తేడా ఉందా?"

అతని మెచ్చుకోలులో అబద్ధం లేదని ఆవిడకు అప్పుడు అర్థమైంది. నిజంగానే పని చూశాడు. పని ఒక్కటే చూశాడు.

తేడా తెలియాలంటే తల వంచి కాజాను చూడాలి. ఆవిడ వంచలేదు. తమ్ముడి ముఖంలోకే చూస్తూ అంది:

"చాలా బాగుందిరా."