తుపాకీ పట్టుకున్న పిల్లని పిలిచాను

నాకు నోరెక్కువని మా కాలేజీలో అందరికీ తెలుసు. అరకు దగ్గర డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతూ, మిలిటరీ శిక్షణ తీసుకునే కేడెట్ ఆడపిల్లల బాధ్యత కూడా చూస్తాను. ఈ నోటివల్ల ఒక పిల్లకి అన్యాయం జరిగింది. అది చెప్పకుండా ఉంటే నాకు మనసొప్పదు.

ఆ రోజు ఫైరింగ్. కొండవాలున ఎత్తుగా పోసిన మట్టికట్ట, దాని ముందు టార్గెట్లు, ఇటువైపు సున్నంతో గీసిన గీత. గీత మీద నలుగురేసి పిల్లలు బోర్లా పడుకుని కాలుస్తారు. మిగతావాళ్ళం వెనక నిలబడాలి. కాల్చడం నేర్పే ఉస్తాదు సిక్కోలు మనిషి, మిలిటరీలో తలపండినవాడు. పొద్దున్నే పిల్లలందరినీ కూర్చోబెట్టి చెప్పాడు.

"తుపాకీ గొట్టం ఎప్పుడూ కట్ట వేపే ఉండాల. తూటా పేలకపోతే కదలొద్దు, ఎడం సెయ్యి ఎత్తండి, నానొస్తాను. ఒక్కోపాలి అది ఆలీసంగా పేల్తాది. ఇంకోటి, గీత కాడ నా నోరు తప్ప ఇంకెవల నోరూ లెగకూడదు."

ఆ చివరి మాట అంటూ నా వైపు చూశాడు. నాకు ఒళ్ళు మండింది. పిల్లల ముందు లెక్చరర్‌తో అనే మాటా అది?

విశాఖలో జరిగే క్యాంపుకి మా కాలేజీ నుంచి ఒక్కరికే చోటు, అదీ ఆ రోజు అందరికంటే బాగా కాల్చినవాళ్ళకి. హుకుంపేట పైనున్న ఊరి పిల్ల ఒకతె దానిమీద ఆశలన్నీ పెట్టుకుంది. క్యాంపుకెళ్ళొస్తే రేపు పోలీసు ఉద్యోగానికి పనికొస్తుందని వాళ్ళ నాన్నకి నచ్చజెప్పి మరీ వచ్చింది. చోడి చేలో, అదే రాగి చేలో, రాళ్ళు విసిరి పిట్టల్ని తోలి తోలి గురి కుదిరిందో ఏమో, మొదటి మూడు తూటాలూ టార్గెట్ నడిమికే వెళ్ళాయి. నేను లోపల్లోపల పొంగిపోయాను. నాలుగోది పేలలేదు. టిక్కుమంది, అంతే.

పిల్ల కదల్లేదు. చెప్పినట్టే ఎడం చెయ్యెత్తింది. ఉస్తాదు ఆ చివర ఇంకో పిల్ల మోచెయ్యి సరిచేస్తున్నాడు, చూడలేదు. ఎత్తిన చెయ్యి అలాగే ఉంది. నాకు ఓపికేదీ?

"ఏమే గుంటా, ఏటైంది?" అని కేకేశాను.

వాళ్ళింట్లో పెద్దవాళ్ళు పిలిస్తే పడుకుని పలకరు, వీపు చూపించి పలకరు. లేచి, తిరిగి, ముఖం చూసి పలకాలి. ఆ పిల్ల అదే చేసింది. రైఫిల్ రెండు చేతులతో పట్టుకునే మోకాళ్ళ మీద లేచి వెనక్కి తిరిగింది. గొట్టం పక్క పిల్ల తలమీదుగా వచ్చి నా గుండెకి ఎదురుగా ఆగింది.

"పేలనేదు మేడం," అంది వినయంగా.

పక్కకి తప్పుకుంటే నా వెనక పిల్లలున్నారు. ఉంటే నేను. దేవుడా, ఏం చెయ్యను? ఉస్తాదు అరవలేదు. "అందరూ ఆపండి" అని మెల్లగా అంటూ పక్కనుంచి వచ్చి, గొట్టం పట్టుకుని కట్ట వైపు తిప్పాడు. కాసేపు అలాగే పట్టుకుని, ఆ తర్వాత తెరిచి తూటా తీశాడు.

"ఎందుకు తిరిగినావు?" అని అడిగాడు.

మేడం పిలిచారని చెప్పొచ్చు. చెప్పలేదు. తల దించుకుని "తప్పైపోనాది" అంది. ఆయన క్యాంపుకి పోటీపడేవాళ్ళ పేర్లున్న కాగితం తీసి ఆ పిల్ల పేరు కొట్టేశాడు.

పొద్దస్తమానం వాగే నా నోరు అప్పుడు పెగల్లేదు. భయం, సిగ్గు, రెండూను. పేరు కొట్టేశాక గానీ "పిలిచింది నేను" అనలేకపోయాను.

"ఇన్నాను," అన్నాడాయన. "రైఫిల్ తిప్పినోలు బయటికెల్లాల. నోరెత్తినోలూ బయటికెల్లాల. నడండి మేడం."

ఆ పేరు మళ్ళీ రాయమని బతిమాలాను. "ఇంతమంది పిల్లలు బతికినారు. ఈ పూటకి అది సాలు," అన్నాడు. క్యాంపు చోటు ఇంకో పిల్లకి వెళ్ళిపోయింది.

ఇద్దరం వచ్చి, మమ్మల్ని తీసుకొచ్చిన జీపు పక్కన కూర్చున్నాం. తప్పు నాది, క్షమించు తల్లీ అన్నాను. ఆ పిల్ల ఏడవలేదు. గడ్డిపరకలు తుంచుతూ అడిగింది.

"పడుకునే, తిరక్కుండా పలికితే మీకు కోపం వచ్చీది కాదా మేడం?"

కాదని చెబుదామనుకున్నాను.

"వచ్చేదే," అన్నాను.

"మరి నానేటి సెయ్యాల?" అంది.