రేడియం పట్టీలు కుట్టిన నల్ల గౌను

“దాన్ని పండక్కి పంపుతున్నావా, సైటు మీద డ్యూటీకి పంపుతున్నావా?” అంది నా కూతురు.

“ఎక్కడికి పంపినా తిరిగి ఇంటికి రావాలి కదే,” అన్నాను, దారం కొస తడిపి సూదిలోకి ఎక్కిస్తూ.

“అందరూ నవ్వుతారమ్మా. మంత్రగత్తె గౌనుకి రేడియం పట్టీలేంటి?”

“నవ్వనీ. నవ్వుకి కట్టు కట్టించక్కర్లేదు.”

“నీకు సరదా అంటే తెలీదు. ఏ పండగైనా పంచనామా చేసినట్టే చూస్తావు.”

“తెలీదు. సరదాలు తెలిసిన తల్లివి నువ్వున్నావుగా, పిల్లకి నేలమీద ఈడ్చే గౌనూ కళ్లు కనపడని ముసుగూ తెచ్చావు.”

ఆ గౌను వేసుకోవాల్సిన నా మనవరాలు, ఎనిమిదేళ్లది, మంచం మీద కూర్చుని మోకాళ్లలో మొహం పెట్టుకుని ఏడుస్తోంది. మధ్యమధ్య తలెత్తి ఎవరు గెలుస్తున్నారో చూసుకుని మళ్లీ ఏడుస్తోంది.

ఇది గల్ఫులో, ఇంటర్నేషనల్ సిటీ అనే పేటలో మేముండే ఒంటిగది ఇంట్లో, కరోనా సద్దుమణిగిన తర్వాత రెండో ఏడు జరిగిన సంగతి. హాలోవీన్ అని ఒకటుంది. పిల్లలు దయ్యాల్లాగా వేషాలేసుకుని, సంచీ పట్టుకుని, ఇల్లిల్లూ తిరిగి చాక్లెట్లు అడుగుతారు. మా చుట్టుపక్కల నాలుగు బిల్డింగుల తల్లులు కలిసి ఆ ఏడు చేద్దామనుకున్నారు. దయ్యాల పండగ మనకెందుకని మా ఊరివాళ్లు కొందరు ఫోన్లో అన్నారు. నేనా మాట అనలేదు. దయ్యమంటే నాకు భయం లేదు. నా భయమల్లా మా బిల్డింగుల మధ్య సందుల్లో తిరిగే డెలివరీ మోటారుసైకిళ్లంటే, వెనక్కొచ్చే కార్లంటే.

తల్లుల గ్రూపులో వచ్చిన మెసేజీ ఇంగ్లీషులో ఉంది. నేను చదివింది మూడో తరగతి, అదీ తెలుగు. మనవరాలి చేత చదివించుకున్నాను. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యాక కింద కలవాలి, గుమ్మడికాయ బొమ్మ అంటించిన తలుపులే కొట్టాలి, మంచి వేషానికి బహుమతి ఉంది. అంతే. బ్యాచిలర్ల గదుల జోలికి పోకుండా తలుపుల సంగతి రాశారు, బాగానే ఉంది. రోడ్డు సంగతి ఒక్క ముక్క లేదు. నాలుగు బిల్డింగులు తిరగాలంటే మూడు సందులు దాటాలి. చీకటి పడ్డాక, అందరూ నల్లబట్టల్లో. ఇది నాకు తప్ప ఎవరికీ తట్టలేదా అనుకున్నాను.

నాకు తట్టడానికి కారణం ఉంది. ఈ దేశంలో ఇరవై రెండేళ్లు ఇళ్లల్లో పని చేశాను. వండాను, కడిగాను, ఎక్కువగా పరాయి పిల్లల్ని పెంచాను. ఒక విల్లాలో నాలుగేళ్ల పాప ఉండేది. ఒక సాయంత్రం ముదురునీలం గౌనులో గేటు బయట బంతి ఏరుకుంటోంది. పక్కింటి పెద్ద బండి వెనక్కి వచ్చింది. నేను చెయ్యి పట్టుకుని లాగిన లాగుడికి పాప మోచేయి కమిలింది. బండాయన దిగి, “కనపడలేదు,” అన్నాడు. అబద్ధం కాదు, నిజంగానే కనపడలేదు. లోపలికెళ్లాక మేడమ్ ఆ చెయ్యి చూసి నన్ను కేకలేసింది. ఎందుకు లాగానో అడగలేదు. నేనూ చెప్పలేదు, నోరు మూసుకుని వెళ్లి అంట్లు తోముకున్నాను. ఆ మూసుకోవడం ఇన్నేళ్లూ నాకు పుండులా ఉంది. పరాయింట్లో మూసుకున్నాను సరే, నా ఇంట్లో కూడానా?

అందుకే ఆ రోజు పొద్దున కూతురు డ్యూటీకి వెళ్లగానే నా పని మొదలుపెట్టాను. ముసుగు కళ్లకి పెట్టి చూసుకున్నాను. ఎదురుగా ఉన్న ఫ్రిజ్జు తప్ప పక్కనున్న తలుపు కనపడలేదు. దాన్ని బీరువా మీద పారేశాను. మొహానికి కాటుకా పౌడరూ చాలు. గౌను అంచు జానెడు మడిచి లోపలికి కుట్టాను, విప్పితే పై ఏడు కూడా పనికొస్తుంది. అందరూ గుమ్మడికాయ తొలిచి కళ్లూ పళ్లూ పెట్టి, లోపలిదంతా చెత్తబుట్టలో వేస్తున్నారు. మా ఇంటి కాయలోది ఆ మధ్యాహ్నం పులుసు అయింది.

ఇక పట్టీలు. మా అల్లుడు బిల్డింగులు కట్టే కంపెనీలో పని చేస్తాడు. సైటు మీద వేసుకునే ఆకుపచ్చ జాకెట్‌కి లైటు పడితే తళతళలాడే పట్టీలుంటాయి. తలుపు వెనక కవర్లో ఒక పాత జాకెట్ ఉంది, జిప్పు పోయింది, చంక చిరిగింది. పనికిరానిదని పట్టీలన్నీ కుట్టు విప్పి తీశాను. గౌను ముందు రెండు, వెనక రెండు, చేతులకి చెరొకటి కుట్టాను. ఆఖరి చెయ్యి కుడుతుండగా కూతురు వచ్చింది. మొదట చెప్పిన తగువు అప్పటిదే.

చివరికి నేనొక్కటే మాట అన్నాను. “ఈ గౌనుతో అయితే నేను కూడా వెళ్లి తీసుకొస్తాను. లేదంటే నేను గుమ్మానికి అడ్డంగా పడుకుంటాను, దాటుకుని వెళ్లండి.”

“అన్నంత పనీ చేస్తుంది,” అంది కూతురు, మొగుడికి ఫోన్లో నా మీద చెబుతూ. “మీ అత్తగారు. ఇంకెవరు?”

కింద ఆరుగురు పిల్లలు, వాళ్లతో ఒక మలయాళీ ఆవిడ. మా పిల్ల లిఫ్టు దిగి బయటికి రాగానే కార్ల లైట్లకి నిలువునా వెలిగింది. పిల్లలు ఒక్కసారి, “పోలీస్! పోలీస్!” అని అరిచారు. ఒక అస్థిపంజరం వేషం పిల్ల నడుం మీద చెయ్యేసి, “మేడమ్, లైసెన్స్ ఇంట్లో మర్చిపోయాను,” అంది హిందీలో. మలయాళీ ఆవిడ కూడా నవ్వింది. నా మనవరాలు నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుంది కానీ, ఆ చేతిలో కోపం నాకు తెలుస్తూనే ఉంది.

మొదటి బిల్డింగు, రెండో బిల్డింగు బాగానే జరిగాయి. తలుపు తీసిన ప్రతి ఇంట్లోనూ ముందు మా దాని పట్టీలు చూశారు, తర్వాత నన్ను చూశారు. గడప దాటొద్దని నేను వెనక నుంచి అంటూనే ఉన్నాను. “అమ్మమ్మా, ఖలాస్, ఇంక చెప్పకు,” అంది పిల్ల పళ్లు బిగించి.

మూడో బిల్డింగు దగ్గర ఆ అస్థిపంజరం మళ్లీ “పోలీస్” అంది. మా పిల్ల చెయ్యి విదిలించుకుని పరిగెత్తింది. ఆగి ఉన్న రెండు కార్ల మధ్య నుంచి సందులోకి. మిగిలినవాళ్లు ఆటనుకుని దాని వెనకే పరిగెత్తారు. మోకాళ్లు పోయినదాన్ని, నేనెంత దూరం పరిగెడతాను? నోరు మాత్రమే పరిగెత్తింది.

మలుపు తిరిగి డెలివరీ బండి వచ్చింది. బ్రేకు కీచుమంది. బండి అడ్డం తిరిగి పిల్లకి నాలుగడుగుల దూరంలో ఆగింది. వెనక పెట్టె తెరుచుకుని ఎవరి బిర్యానీయో రోడ్డు మీద పడింది. పిల్ల అక్కడే నిలబడిపోయింది, ఒళ్లంతా ఆ లైటుకి వెలుగుతూ. దాని వెనక నల్లబట్టల్లో ఆరుగురు కార్ల మధ్య ఉన్నారు.

బండివాడు హెల్మెట్ తీశాడు. “అమ్మాజీ, ఆ పట్టీ మెరిసింది, ఆపేశాను,” అన్నాడు హిందీలో. కార్ల మధ్యకి వేలు చూపించి, “వీళ్లు ఇప్పుడే కనపడుతున్నారు,” అన్నాడు.

పిల్ల రెక్క పట్టుకుని పక్కకి లాగాను, గట్టిగానే లాగాను. ఈసారి మోచేయి కమిలినా నన్ను అడిగేవాళ్లు లేరు. మలయాళీ ఆవిడ పిల్లల్ని లెక్కపెట్టింది, మళ్లీ లెక్కపెట్టింది. నాలుగో బిల్డింగుకి వెళ్లేటప్పుడు మా పిల్లని అందరికంటే ముందు నడిపించింది. మిగిలినవాళ్లు చేతులు పట్టుకుని వరసగా నడిచారు. “పోలీస్” అని ఎవరూ అనలేదు.

ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. నా కూతురు పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత, “దాన్ని పరిగెత్తించిందీ ఆ పట్టీలేనమ్మా,” అంది.

“అవును,” అన్నాను. “ఆపిందీ అవే. ఏది కావాలో నువ్వు ఏరుకో.”

నవ్వనీ అన్నాను కానీ, నవ్వుకి పిల్లలు పరిగెడతారని నేను అనుకోలేదు. అయినా ఆ గౌను మళ్లీ కుట్టమంటే అలాగే కుడతాను.

అప్పుడు అల్లుడు డ్యూటీ నుంచి వచ్చాడు. పిల్లని చూశాడు, గౌను చూశాడు, తలుపు వెనక కవరు తీసి చూశాడు.

“అత్తయ్యా, ఈ జాకెట్...”

“చిరిగిపోయింది బాబూ.”

“చిరిగిపోయిందే. అందుకే రేపు కంపెనీ స్టోర్లో అప్పగించాలి. పాతది పూర్తిగా అప్పగిస్తేనే కొత్తది ఇస్తారు. ఇవాళంటే తోటివాడిది అడిగి వేసుకున్నాను, కొత్తది లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు.”

నా కూతురు నన్ను చూసింది. ఇంట్లో చిరిగిన గుడ్డ కనపడితే మసిగుడ్డ చేసేదాన్ని నేను. చిరిగినదాన్ని కూడా లెక్కగా వెనక్కి అడిగే కంపెనీ ఉంటుందని నాకేం తెలుసు?

“పొద్దున్నకి ఉంటుంది,” అన్నాను. క్షమించమనలేదు.

మసీదులో తెల్లవారి అజాన్ వినపడకముందే, మూడున్నరకి లేచాను. బాల్కనీ లైటు కింద కూర్చుని గౌను పట్టీలు విప్పి, పాత సూదిబెజ్జాల వెంబడే జాకెట్‌కి తిరిగి కుట్టాను. ఐదున్నరకి కంపెనీ బస్సు. అల్లుడు స్నానం చేసి వచ్చి జాకెట్ తిరగేశాడు.

“వెనక రెండు ముక్కలు తక్కువున్నాయి అత్తయ్యా.”

“ఉన్నాయి.”

“స్టోర్‌వాడు అడిగితే?”

“మా అత్తగారు కత్తిరించుకుందని చెప్పు బాబూ.”

అతను గుమ్మం పక్క కొక్కేనికి వేలాడుతున్న స్కూలు బ్యాగు వైపు చూశాడు. ముందు జేబు మీద ఒక మెరుపు ముక్క, భుజానికి తగిలించుకునే పట్టీ మీద ఒక ముక్క. జాకెట్ మడిచి కవర్లో పెట్టుకుని, బూట్లు తొడుక్కుని బస్సుకి వెళ్లిపోయాడు.

ఏడింటికి పిల్ల ఆ బ్యాగు తగిలించుకుంది. నా కూతురు ఆ ముక్కలు చూసి, టిఫిన్ డబ్బా మూత బిగించి చేతికిచ్చింది. కిందకి నేనే తీసుకెళ్లాను. సందు దగ్గర పిల్ల నా చెయ్యి పట్టుకోలేదు. ఆగింది, అటు చూసింది, ఇటు చూసింది, దాటింది.